తమ్ముడితో పాటు నాలుగో తరగతి

జనగామ నుంచి బదిలీ మీద దంతాలపల్లి దగ్గరి ఒక తండా బడికి వచ్చాను. ఇద్దరమే టీచర్లం. హెడ్‌మాస్టర్ కుర్చీ నాది, దాంతోపాటు ఆ కుర్చీకి అంటుకున్న తిట్లూ నావే. పాఠశాల కమిటీ మీటింగులు పట్టపగలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ వేళకు సభ్యులైన తల్లులంతా చేలల్లో ఉంటారు.

జనవరిలో మిరపకాయలు ఏరడం మొదలైంది. పత్తి చేనుకైతే పసిపిల్లల్ని వెంట తీసుకుపోయి చెట్టుకు చీరతో ఊయల కడతారు. మిరప చేనుకు తీసుకుపోరు. ఆ ఘాటుకు పిల్లలు తట్టుకోలేరు, కాయలు ఏరిన చేతులతో ఎత్తుకుంటే వాళ్ల కళ్లు మండుతాయి. కాబట్టి చిన్నోడు ఇంట్లో ఉండాలి, వాణ్ని చూసుకోవడానికి అక్క ఉండాలి. తండాలో దీన్ని ఎవరూ తప్పనుకోరు. నా తరగతిలో మాత్రం ఆడపిల్లల వరుస ఖాళీ అయ్యేది.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో లంబాడీ మాట్లాడేది, బడికొచ్చి తెలుగులో నాతో వాదనకు దిగేది. ఫిబ్రవరిలో గురుకులం ప్రవేశ పరీక్ష. రాస్తే దీనికి సీటు వస్తుందని నాకు గట్టి నమ్మకం. సరిగ్గా అప్పుడే బడి మానేసింది. ఇంటికి వెళ్లి చూస్తే తమ్ముణ్ని చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తోచలేదు.

ఈసారి కమిటీ మీటింగు పొద్దున్నే, కూలీల ఆటో ఆగే చోట పెట్టాను. అక్కల వెంట చిన్నపిల్లల్ని కూడా బడికి రానిద్దామా అని అడిగాను. ఒక తండ్రి గయ్యిమన్నాడు.

"గిది బడా, పిల్లల తొట్టెలా? ఎవడన్న పడి దెబ్బ తాకిచ్చుకుంటె ఎవలు జిమ్మేదారు?"

"అంగన్‌వాడి పెద్దూర్ల ఉన్నది. గంత దూరం ఎవలు దింపొస్తరు? గందాక ఆటో ఆగుతదా?" అని ఒక తల్లి ఎదురు తిరిగింది.

కాసేపు లంబాడీలో కేకలు వేసుకున్నారు. నాకు సగం కూడా అర్థం కాలేదు. చివరికి తేలిందేమిటంటే, మిరప అయిపోయేదాకా అక్క బడికి వస్తే తమ్ముడో చెల్లెలో వెంట రావచ్చు. చేనుకు పోలేని ఒక అవ్వ వరండాలో కూర్చుని చూసుకుంటుంది. మధ్యాహ్నం వాళ్లకూ ఇంత అన్నం పెడతాం. అంతా సరేనని ఆటో ఎక్కారు.

మర్నాడే ఆ పిల్ల తమ్ముడితో సహా వచ్చింది. ఇక వరండా గోల చెప్పనక్కర్లేదు. పాఠం మధ్యలో ఎవడో ఒకడు లోపలికి వచ్చి ఉచ్చ పోసేవాడు. నేను విసుక్కునేదాన్ని, తోటి టీచరు నాకంటే ఎక్కువ విసుక్కునేది. అయినా ఆ పిల్ల లెక్కలు ఆగలేదు.

పరీక్ష ఆదివారం, మహబూబాబాద్‌లో. ఆదివారమని మిరప చేను ఆగదు కదా, తల్లి కూలికి పోయింది. అవ్వకు జ్వరం. అక్కాతమ్ముళ్లిద్దరినీ నేనే బస్సెక్కించుకుని వెళ్లాను. పరీక్ష కేంద్రం గేటు దగ్గర కానిస్టేబుల్ పిల్లాణ్ని ఆపేశాడు. మా కమిటీ మాట మా బడి గేటు దాకానే చెల్లుతుంది. ఎత్తుకోబోతే వాడు అక్క మెడ వదల్లేదు.

"నేను పోను టీచర్. గీడు ఏడ్సి ఏడ్సి జరం తెచ్చుకుంటడు."

"నేనున్న కదా, నువ్వు పో," అన్నాను.

వాడి వేళ్లు మెడ మీంచి విడదీసి, వాణ్ని నాకు అప్పగించి, వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది. గుక్కపట్టి ఏడుస్తున్నవాణ్ని చంకనేసుకుని గేటు ముందే అటూ ఇటూ తిరిగాను. బయటికి రాగానే "మస్తు ఏడ్సిండా?" అని అడిగింది. లేదన్నాను. పేపరు సంగతి బస్సెక్కాక మాట్లాడుకున్నాం.

సీటు వచ్చింది. జూన్‌లో పెట్టె పట్టుకుని భూపాలపల్లి జిల్లాలోని హాస్టలు బడికి వెళ్లింది.

మళ్లీ మిరప కాలం వస్తుందనగా కమిటీ కూర్చుంది. ఎన్నడూ నోరు విప్పని ఆ పిల్ల తల్లి లేచి నిలబడింది.

"అక్క వస్తెనే తమ్ముడు రావాలె అన్నరు. ఇప్పుడు వాళ్లక్క హాస్టల్ల ఉన్నది. మావోన్ని ఎవలు చూడాలె? గా 'అక్క' అన్న మాట తీసెయ్యుండ్రి. లేకుంటె పిల్లను వాపస్ తెచ్చుకోవాలె."

అది బెదిరింపు కాదు, ఉన్న మాట. తీర్మానంలోంచి 'అక్క' అన్న మాట కొట్టేశాం. పిల్ల అక్కడే చదువుకుంటోంది.