తప్పంతా మౌస్‌దే

మా బాబాయి బుద్ధెరిగాక ఒక్క తుపాకీ ఆట కూడా ఓడిపోలేదు. ఓడినవన్నీ ఆయన కంప్యూటరే ఓడింది.

పగలంతా కళ్లజోళ్ల షాపులో జనం చూపు సరిచేసే మనిషి, సాయంత్రం అయిదుగురు జట్టుగా ఆడే ఆటలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ శత్రువుని వదిలేసి గోడను కాల్చేవాడు. కాల్చి, మౌస్ వంక ఉరిమి చూసేవాడు.

“చూశావురా? నేను కుడికి అంటే ఇది ఎడమకెళ్లింది.”

“నీ చెయ్యే ఎడమకెళ్లింది బాబాయ్.”

“చదువు మధ్యలో మానేసినవాడివి, చేతుల గురించి నీకేం తెలుసు?”

నాకు తెలియనిదేముంది? మా వీధిలో కంప్యూటర్ విప్పి బిగించడంలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి తుమ్ముతూనే మొత్తం బిగించేశాను.

ఆ ఆటలో వెండి, బంగారం, వజ్రం అని అంతస్తులు, ఒక్కోదానిలో మళ్లీ మెట్లు ఉంటాయి. బాబాయిది బంగారం. ఆయన జట్టులోనే ఆడే టైలర్ మాస్టారిది వెండి. ఆ మాస్టారు కాలు విరిగి మంచాన పడ్డాడు. అదే వారం ఆయన కంప్యూటర్ కాలి బూడిదైంది. పది రోజుల్లో తిరిగి రాకపోతే ఇంకొకణ్ణి చేర్చుకుంటామని జట్టు చెప్పేసింది. పడుకున్న మనిషికి అదొక్కటే కాలక్షేపం. సాయం చేద్దామంటే పుచ్చుకునే రకం కాదు. టీ ఇప్పించినా మన చొక్కాకి గుండీ కుట్టందే వదలడు.

సరిగ్గా అప్పుడే బాబాయి కంప్యూటర్ నేరాలు పెరిగిపోయాయి. సోమవారం మౌస్ దోషి. “నా కళ్ల ముందు ఉంచకు. తీసుకెళ్లి ఆ టైలర్ మంచం కింద పడెయ్.” మంగళవారం కీబోర్డు. బుధవారం ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు: “ఇది శత్రువులతో కుమ్మక్కైందిరా.” శనివారానికి పెట్టెతో సహా అన్నీ వెళ్లిపోయాయి. బాబాయి షాపులో బిల్లులు కొట్టే ముసలి కంప్యూటర్ మీద ఆడసాగాడు. అందులో వెనక్కి తిరగమని మీట నొక్కి, స్నానం చేసి రావచ్చు. ఆయన వెండికి జారిపోయాడు.

“చెత్తే కదా? సాయం కాదుగా?” అన్నాడు మాస్టారు అనుమానంగా.

“అచ్చమైన చెత్త మాస్టారూ. ఊరికే బిగించి చూద్దాం.”

బిగించాను. ఒక్కదానికీ ఏ రోగమూ లేదు. పదో రోజున మాస్టారు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఆటలోకి దిగి, నా లెక్కలో నలభై మందిని పడగొట్టాడు.

మర్నాడు తిన్నగా షాపుకెళ్లి నిలదీశాను. “బాబాయ్, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. నువ్వు వెండిలో ఏడుస్తున్నావు, మాస్టారు నీ సామానుతో వజ్రం ఎక్కేశాడు.”

బాబాయి కళ్లద్దం తుడవడం ఆపలేదు.

“వజ్రం కాదురా. బంగారంలో మూడో మెట్టు. పొద్దున్నే చూశాను.”