అమ్మ పొయ్యిల ఎర్రబడ్డ రాగి గ్యాస్కెట్

ఇయ్యాల వనపర్తిల మెకానిక్ నా బండి ఇంజన్ విప్పి, సందుల గాలి పోకుంట అడ్డంవెట్టె రాగి రేకు గ్యాస్కెట్‌ను మంట మీద ఎర్రగ కాలుస్తుండు. ఆ వాసనకు ఇటిక్యాలల మా పాత వంటిల్లు యాదికొచ్చింది. దోస్తులారా, మీ నాయినలు గూడ పాత బండ్లను గిట్లనే బతికించిండ్రా?

నా చిన్నప్పుడు, తెల్లారితే అక్కకు గద్వాలల నర్సింగ్ పరీక్ష ఉందనంగ, మా బండి ఇంజన్ మీది మూత, హెడ్ కాడ గాలి లీకయ్యి ఆగిపాయె. ఊర్ల కొత్త గ్యాస్కెట్ దొరకలే. నాయిన పాతదాన్నే తీసి అమ్మ పొయ్యిల వెట్టి, ఎర్రబడంగనే నీళ్లల్ల ముంచిండు.

"ఇనుము లెక్క గట్టిపడదా నాయినా?" అన్న నేను.

"రాగి గట్ల కాదు బిడ్డా, కాలిస్తే మెత్తబడ్తది. మెత్తగుంటెనే సందు మూస్తది."

దానికి నల్లటి పొర పట్టింది. నాయిన గరుకు కాగితం తీస్తుంటే అమ్మ ఆపింది.

"గీతలు పడ్తయ్. ఇటియ్యి, చింతపండుతోని నేను తోముత."

రాగి చెంబు లెక్క మెరిసింది. నాయిన దాన్ని కూసోవెట్టి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగ బిగించిండు. కిక్కు కొట్టంగనే బండి స్టార్టయ్యింది. అమ్మ హెడ్ కాడ అరచెయ్యి వెట్టి చూసి, "గాలొస్తలేదు" అని నవ్వింది.

అక్క టైముకు పోయి పరీక్ష రాసింది, పాసయ్యింది. బండి ఎవరు బాగుచేసిండ్రని అడిగినోళ్లందరికీ నాయిన, "నేను, మా ఇంటామె" అని చెప్పెటోడు.