భావన చెప్పిన యాభై ఐదు

శశికాంత్‌ది హన్మకొండ. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్లు గడిచినా జర్మన్ ఒంటబట్టలేదు. ఆఫీసులో ఇంగ్లిష్ సరిపోయేది. బయటి పనులన్నీ భార్య భావన చూసుకునేది. ఆమె కిటాలో, అంటే అక్కడి శిశు సంరక్షణ కేంద్రంలో, చిన్నపిల్లల్ని చూసుకుంటుంది, ఆమెకు జర్మన్‌లో కోప్పడటం కూడా వచ్చు. ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరం తనే చదివి రెండు ముక్కల్లో చెప్పేది. అతను సరేననేవాడు.

నలభై ఏడో ఏట, ఒక మార్చి ఉదయం, పరుగెత్తి ట్రామ్ ఎక్కి కూర్చోగానే ఎడమ దవడ లాగింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందని ఆస్పత్రిలో స్టెంట్ వేశారు. మూడోరోజు గుండె స్కానింగ్ చేశారు. తనలో నిండిన రక్తంలో ఎంత శాతాన్ని గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి నెడుతోందో అందులో తెలుస్తుంది; యాభై దాటితే బాగున్నట్టే. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి జర్మన్‌లో చెబుతుంటే భావన తలూపుతూ వింది.

"ఎంతున్నదట?" అన్నాడు శశికాంత్.

"యాభై ఐదు. నార్మలే. గోలీలు ఏసుకుంటే చాలట."

డాక్టరమ్మ చెప్పింది ముప్ఫై ఎనిమిది.

శశికాంత్ ఆ యాభై ఐదును హన్మకొండలో అన్నకు చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు. వేసవికల్లా పనిలో చేరాడు. మాత్రలు వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరిగేవి. గుండె బాగానే ఉన్నప్పుడు ఇన్నెందుకనుకుని ఆగస్టులో రెండు మానేశాడు. భావన చూస్తుండగా చేతిలోకి తీసుకుని, ఆమె అటు తిరగగానే జేబులో వేసుకుని, ఆఫీసు చెత్తబుట్టలో పడేసేవాడు.

అక్టోబరుకు పాదాలు వాచాయి. మూడో అంతస్తులోని ఇంటికి ఎక్కలేక మెట్ల మీదే కూర్చున్నాడు. మళ్లీ ఆస్పత్రిలో చేర్చారు. ఈసారి డాక్టరు కుర్రాడు, ఇంగ్లిష్ బాగా మాట్లాడాడు. మార్చిలో ముప్ఫై ఎనిమిది ఉన్నది ఇప్పుడు ముప్ఫై ఒకటికి పడిందన్నాడు.

అది వేరేవాళ్ల ఫైలు అయ్యుంటుందన్నాడు శశికాంత్. డాక్టరు కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పాడు. తన పేరు, తన పుట్టినతేదీ, మార్చి నెల, ముప్ఫై ఎనిమిది.

మధ్యాహ్నం భావన వచ్చింది, వెంట పద్నాలుగేళ్ల కూతురు సహస్ర.

"నాకెందుకు అబద్ధం చెప్పినవ్?"

భావనకు వెంటనే అర్థమైంది. "మీ నాయన గుండెతోనే పోయిండు గద. ముప్ఫై ఎనిమిది అంటే మీరు ఆ భయానికే అయిపోతరనుకున్న."

"ఇంకెవరికి ఎరుక?"

భావన కూతురి వైపు చూసింది. సహస్ర తల వంచుకుని జర్మన్‌లో ఏదో అంది.

"ఏమంటున్నది?" అని అలవాటుగా భార్యనే అడిగాడు.

"తనకు కూడా ఎరుకనేనట. డాక్టర్ ఇచ్చిన లెటర్ చదివిందట."

ఇంట్లో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. తెలియనివాడు ఆ గుండె మోస్తున్నవాడొక్కడే. ఏడు నెలలు వాళ్లిద్దరూ తన నవ్వును చూస్తూ ఊరుకున్నారన్న తలపు అతనికి నొప్పికంటే ఎక్కువైంది.

"నాకు ఎరుకుంటే గోలీలు బంద్ చేస్తుంటినా?"

"బంద్ చేసిన్రా?" భావన గోడకు చేయి ఆనించింది. "దినాం నా ముందలనే తీసుకుంటిరి గదా!"

అతను కిటికీ వైపు తిరిగాడు.

నాలుగు నెలలు ఒక్క మాత్ర వదల్లేదు. ఇకనుంచి ఏ సంగతైనా తనకే చెప్పాలని ఆస్పత్రిలో సంతకం పెట్టి ఇచ్చాడు. శనివారాలు జర్మన్ క్లాసులో, తన వయసులో సగం ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నాడు. ఫిబ్రవరిలో డాక్టరు అపాయింట్‌మెంట్‌కు తోడొస్తానంది భావన. "వద్దు" అని ఒక్కడే వెళ్లాడు. స్కానింగ్‌లో నలభై ఒకటి వచ్చింది. ఇది ఇంకా పెరగవచ్చు, పెరగకపోనూవచ్చు, మాత్రలు మాత్రం ఆపొద్దంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి అంకె చెప్పాడు. భావన కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సహస్ర సోఫాలో దగ్గరగా జరిగింది.

"అమ్మ చెప్పొద్దన్నది నాన్నా," అంది తెలుగులో, మాటలు వెతుక్కుంటూ. "మీరు మెట్లు ఎక్కుతుంటే నేను డోర్ దగ్గర నిల్చుంటి. స్టెప్స్ కౌంట్ చేస్తుంటి, ఆగుతరేమో అని."

అతను పిల్ల తల మీద చేయి వేశాడు. కూతురి మీద కోపం ఆ పూటతో పోయింది. వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది. లేచి వెళ్లి భావనతోనూ ఒక్క మంచి మాట అనాలనుకున్నాడు కానీ, సోఫాలోనే ఉండిపోయాడు.