పడుకున్న బుద్ధుడి పాదాల దగ్గర దీపం

ఆ బుధవారం పొద్దున టికిరిబండకు మూడు వందల నలభై మెట్లూ మూడు వేలయ్యాయి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి, ఉద్యోగం మాత్రం వదల్లేదు. ఏం ఉద్యోగమని! గుహ విహారానికి కాపలా. పొద్దున తాళం తీయడం, సాయంత్రం తాళం వేయడం, మధ్యలో గొంతు చించుకోవడం. "చెప్పులు బయట! గోడ ముట్టుకోకండి! బుద్ధుడికి వీపు పెట్టి ఫొటోలేంటమ్మా, బుద్ధుండాలి!" పందొమ్మిదేళ్లుగా అవే మాటలు. అతనికే విసుగు పుట్టి చచ్చింది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి దీపాలు. గుహలో పడుకున్న బుద్ధుడి పాదాల దగ్గర తరతరాలుగా జనం కొబ్బరినూనె దీపాలు పెట్టారు. ఆ మసికి, పైకప్పు మీద గీసిన, బుద్ధుడి మీదికి దండెత్తిన మారుడి సైన్యం, ఏనుగుతో సహా మాయమైపోయింది. పదకొండేళ్ల కిందట బొమ్మలు బాగుచేసేవాళ్లు వచ్చి, పరంజా ఎక్కి, దూదితో మూడు నెలలు తుడిస్తే అరచేతి మేర తేలింది. అందులో భూదేవి ముఖం! కళ్లు నిన్న గీసినట్టున్నాయి. టికిరిబండ పరంజా కింద నిలబడి ఏడ్చేశాడు. ఆ రోజు నుంచి లోపల దీపం పెట్టనివ్వలేదు. ఎవరైనా సరే, కొన్ని మెట్ల కింద ముంగిట్లో ఉన్న రేకు అర మీదే పెట్టుకోవాలి.

అందరూ విన్నారు, డింగిరమ్మ తప్ప. ఎనభై దాటిన ముసల్ది. ప్రతి బుధవారం తెల్లచీర కట్టుకుని, నూనె సీసా, ప్రమిద కొంగున దాచుకుని రావడం, ఇతను పట్టుకోవడం, ఇద్దరూ అరుచుకోవడం.

"మా అమ్మ పెట్టింది, అమ్మమ్మ పెట్టింది. నువ్వెవడివిరా కాదనడానికి?"

"మీ అమ్మమ్మ పెట్టిన మసే అవ్వా అది! తలెత్తి చూడు!"

పదకొండేళ్లుగా ఇదే తంతు.

అలాంటివాడి సంచిలో ఆ పొద్దున ప్రమిద ఉంది, వత్తి ఉంది, నూనె ఉంది. భార్య బిసోమెణికె గొంతులో కోడిగుడ్డంత గడ్డ. ఎనిమిదింటికి పట్నం ఆసుపత్రిలో కోసి తీస్తారు. ప్రాణానికి భయం లేదు గానీ మాట పోయినా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ముప్పై నాలుగేళ్లు ఆవిడ నోటికి జడిసి బతికిన మనిషి టికిరిబండ. ఆ నోరు లేని ఇల్లు మాత్రం ఊహకే అందలేదు. ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను ఉండనివ్వరు, కూతురు నిలంతి తోడుంది. ముందురోజు ఆసుపత్రికి బయలుదేరేముందు బిసోమెణికె అతని చెయ్యి పట్టుకుంది.

"నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఆ పాదాల దగ్గరే దీపం పెట్టిందయ్యా. నువ్వూ అక్కడే పెట్టు. రేకు మీద కాదు."

సరేనన్నాడు. తాళాలు తన దగ్గరే ఉన్నాయి, అడిగేవాడు లేడు. ఎనిమిదికి పది నిమిషాలుందనగా పాదాల దగ్గర దీపం వెలిగించి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. పైకి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

వెనక నుంచి చిన్న కేక వినిపించింది.

"అమ్మయ్యో! మళ్లీ లోపల పెట్టనిచ్చారా!"

డింగిరమ్మ గడప దగ్గర కూలబడి కళ్లు ఒత్తుకుంటోంది. "పోయేలోగా ఒక్కసారి చూడనిచ్చారు నాయనా. నువ్వు మంచోడివిరా, ఊరికే తిట్టాను." దాచుకోవడం కూడా మానేసి సీసా బయటికి తీసింది.

టికిరిబండ ఆ సీసా వంక చూశాడు. ఆవిణ్ని పెట్టనిస్తే వచ్చే బుధవారానికి ఊరంతా దిగుతుంది. వద్దంటే తన దీపం ఎదురుగా వెలుగుతోంది. ఆ నిమిషంలోనే అక్కడ కత్తి పెడుతున్నారేమో! ఈ వేళప్పుడు చేతులారా ఎలా ఆర్పడం? అప్పుడు తలెత్తాడు. సన్నటి పొగ తిన్నగా భూదేవి ముఖం మీదికే పోతోంది.

నోటితో ఊదలేదు. అరచేత్తో గాలి విసిరాడు. దీపం కొండెక్కింది.

"లేదవ్వా. ఎవరినీ పెట్టనివ్వలేదు. నేనే దొంగతనంగా పెట్టాను."

"ఎవరికోసం?"

"మా ఆవిడకి. గొంతులో గడ్డ ఇప్పుడే కోస్తున్నారు, మాట వస్తుందో రాదో." అని అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

ముసల్ది తిడుతుందనుకున్నాడు. ఆవిడ మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, అతని ప్రమిదలోంచి వత్తి తీసి తన ప్రమిదలో వేసుకుంది.

"లే. ఏడుస్తూ కూర్చుంటే నూనె కారిపోతుంది. నా వత్తీ నీ వత్తీ బయట రేకు మీద ఒక్క దాంట్లోనే వెలుగుతాయిలే. నువ్వు నీ గుహ చూసుకో, దీపం నేను చూసుకుంటా."

ఆ రోజు పాడుగాలి. మధ్యాహ్నం దాకా టికిరిబండ గుహ వాకిట్లోంచి కిందికి తొంగి చూస్తూనే ఉన్నాడు. రేకు అర పక్కన నల్లగొడుగు అడ్డం పెట్టుకుని డింగిరమ్మ కదలకుండా కూర్చుంది. వచ్చేపోయేవాళ్ల మీద చెప్పులు విప్పలేదని అరవడం కూడా మర్చిపోయాడు.

రెండు దాటాక ఫోను మోగింది. నిలంతి. "అమ్మ లేచింది నాన్నా. మాట్లాడొద్దన్నారు, వింటేనా?"

తరవాత గరగరమంటూ ఒక గొంతు. "పెట్టావా?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. "పెట్టాను. పాదాల దగ్గర కాదు, బయట. లోపల పెట్టి మళ్లీ తీసేశాను. నా వల్ల కాలేదే."

ఫోనులో బిసోమెణికె దగ్గింది.

"గాలికి నిలిచిందా?"

"డింగిరమ్మ గొడుగు పట్టుకుని కూర్చుంది, పొద్దుట్నుంచీ."

"నువ్వు తరిమే ముసల్దేనా? సిగ్గులేకపోతే సరి. దాని నోట్లో ఏమన్నా పోశావా?"

పొయ్యలేదు. తోచనే లేదు. టికిరిబండ గుహ తలుపు దగ్గరగా వేసి, ఫ్లాస్కులో నల్ల టీ, కాగితంలో తాటిబెల్లం ముక్క పట్టుకుని, మోకాళ్లు నొక్కుకుంటూ మెట్లు దిగాడు.

"వచ్చిందా మాట?" అంది డింగిరమ్మ.

"వచ్చిందవ్వా. అప్పుడే తిట్టింది."

"అయితే ఈ గొడుగు పట్టుకో. చెయ్యి పడిపోయింది." టీ అందుకుని, బెల్లం బుగ్గన పెట్టుకుంది. టికిరిబండ గొడుగు పట్టుకుని, రెండు వత్తులూ కాలిపోయేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాడు.