రంగూన్ నుంచి కాలినడక

యుద్ధం రోజుల్లో తిరుపతిలో ఒక సత్రంవాళ్లు, కొండకు కాలినడకన వచ్చినవాళ్లకే గది ఇచ్చేవారు. రాజమండ్రి నుంచి రైల్లో వచ్చిన నేను, నడిచే వచ్చానని కోతలు కోసి చివరి గది కొట్టేశాను.

అంతలో మిషన్ ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ, బర్మాలో బాంబులకు పారిపోయి వచ్చిన ఒక తల్లినీ పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చింది.

"నడిచొచ్చిన యాత్రికులకేనమ్మా, చివరి గదీ ఈ సామికి ఇచ్చేశాం," అన్నాడు గుమాస్తా.

"రంగూన్ నుంచి అడవులెంట నడిచినారప్పా! ఇంతకన్నా యాత్ర యాడుండాది? ఈమె కాళ్లు సూడు!"

చూశాం. ఆ పగుళ్లలో స్వర్ణముఖి ఏరు మొత్తం ఇంకిపోతుంది! గుమాస్తా, నడిచొచ్చిన భక్తులకు మొక్కినట్టే, వంగి ఆ పాదాలకు మొక్కాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సామీ, మీ కాళ్లు?"

వెన్నముద్దల్లాంటి అరికాళ్లు ఏం చూపను? తాళంచెవి ఆ తల్లి చేతిలో పెట్టి, వాళ్ల మూట నెత్తినెత్తుకుని, అందరికంటే ముందు గదికి పరుగెత్తాను. నా జన్మలో నేను కాలినడకన చేసిన యాత్ర ఆ ఇరవై అడుగులే.