ఆడబాపను ఆడబిడ్డ చేశాను

ఎనిమిదేళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. మింగలేక, కక్కలేక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హనుమకొండలో తెలుగు టీచర్ను. పిల్లలు వత్తు మరిచిపోతే అర మార్కు కోసే మనిషిని. డెబ్బైల చివర్లో మా మిత్రులు పెట్టిన సభలో ఒక రచయిత్రి మాట్లాడింది. ఆమెదీ నాదీ వర్ధన్నపేట అవతల ఒకే ఊరు. చిన్నప్పటి నుంచి అక్కా అనే పిలిచేదాన్ని. ఆ రోజు మైకు ముందు నిలబడి, "మా అమ్మమ్మ మా ఊరి గడిల ఆడబాప. నేను ఆమె మనుమరాలిని" అన్నది.

గడి అంటే దొరల కోటలాంటి ఇల్లు. మరి ఆడబాప అంటే తెలుసా? దొరబిడ్డకు పెళ్లయితే బిందెలు, మంచాలతో పాటు ఒక పేద పిల్లను కూడా అత్తారింటికి పంపేవారు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు. దొర పిలిస్తే వెళ్లాలి. పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరు ఉండదు. బానిసే, ఇంకో మాట ఎందుకు?

సభలో మాట్లాడినవన్నీ సంచికగా వేయాలని, రాసే పని నాకు అప్పగించారు. ఆ మాట దగ్గర కలం ఆగింది. మా నాయనమ్మ కూడా ఆ గడిలో ఆడబాపే. నా పెళ్లి మాటల్లో మావాళ్లు ఆమె దొరలకు చుట్టమని చెప్పారు. మా అత్తగారు నా పేరుతో అచ్చయిన ప్రతిదీ చదువుతారు. మీ ఊరి గడిలో ఆడబాపలు ఉండేవారా అని అడిగితే? మీ నాయనమ్మ అక్కడ ఏం చేసేదని అడిగితే? ఆడబిడ్డ అని రాసేశాను. ఆ ఇంటి కూతురన్నమాట. మార్చింది రెండక్షరాలే.

సంచిక వచ్చాక ఊరు భగ్గుమంది. ఆ గడికి వెట్టి చేసినవాళ్ల పిల్లలు, ఆమె కథలను నెత్తిన పెట్టుకున్నవాళ్లే, "దొరల రక్తమని గొప్పలు చెప్పుకుంటాంది" అన్నారు. సభకు వచ్చినవాళ్లలో కొందరు ఆడబాప అనే విన్నామన్నారు, కొందరు కాదన్నారు. మైకు గరగరలాడింది మరి. చివరికి ఆమె మా ఇంటికి వచ్చింది. అత్తగారు వంటింటి గడపలో నిలబడి ఉన్నారు.

"చెల్లె, నువ్వు ముంగట్నే కూసున్నవ్. నేనేమన్ననో జర చెప్పు."

"ఆడబిడ్డ అనే అన్నవక్కా."

"నిజంగనా?"

"నిజంగనే."

"అయితే నా నోరే జారినట్టుంది. గంతమందిని జూసి భయపడ్డనో ఏమో" అన్నది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తన నోటినే అనుమానించుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ సభలోనూ అమ్మమ్మ మాట ఎత్తలేదు. పరువు కోసమే కదా ఆ అబద్ధం? ఎవరి పరువు? సొంత నాయనమ్మను దాచి, అంత ధైర్యంగా తన అమ్మమ్మను చెప్పుకున్న మనిషిని ఊళ్లో తలెత్తుకోకుండా చేసి, నేను నిలబెట్టుకున్నది ఏమిటి?

పోయిన నెల మా అత్తగారు పోయారు. నా భయం పోవడానికి ఆమె పోవాల్సి వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదీ నిజమే.

నిన్న పోస్టాఫీసులో కవరు అడగబోయి, కార్డు అడిగాను. అక్క ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంది. అక్కడి పోస్టుమాన్ ప్రతి కార్డూ చదువుతాడు, చదివింది హోటల్ దగ్గర చెప్పకుండా ఉండలేడు. పెద్ద అక్షరాలతో రాశాను: "అక్కా, నువ్వు ఆడబాప అనే అన్నవు. నేనే మార్చిన. మా నాయనమ్మ గూడ ఆడబాపే." ఇక్కడ చెప్పని పేరు అక్కడ రాశాను, ఇంటిపేరుతో సహా. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. జవాబు రాకపోయినా ఆమె ఇష్టం.

కార్డు ఆమె చేతికి అందేలోపే ఊరంతా వింటుంది. విననీ. ప్రాణం హాయిగా ఉంది.