నీళ్లలో పేలే తుపాకి

తొంభైల్లో మాట. లక్సెట్టిపేట బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం కూర్చుని పేపరు చదువుతున్నాను. పక్కన ఒక పెద్దాయన, కాళ్ల దగ్గర తడి వల కుక్కిన సంచి.

"ఏం తుపాకి సార్ అది?" అని పేపర్లో బొమ్మ మీద వేలు పెట్టాడు.

రష్యావాళ్లు చేసిన కొత్త రైఫిలని, నేల మీదా నీళ్లలోపలా కూడా పేలుతుందని చదివి చెప్పాను. నీళ్లలో వాడే తూటాలు సూదుల్లా పొడుగ్గా ఉంటాయట.

"నీళ్లల్ల సుత పేలుతదా?" అన్నాడు. కాసేపు ఆ బొమ్మనే చూశాడు.

"నా చిన్నప్పుడు దొరలు గోదాట్ల మొసళ్లను కాల్చంగ చూసిన సార్. మొసలి లోపటికి మునిగిందంటే తూటా తాకకపోతుండె. గందుకే మా పిలగానికి చెప్పిన, ఎన్నడన్న కాల్పులైతే ఉరకకు, నీళ్లల్ల మునుగు అని."

నేను పేపరు మడిచాను.

"నిరుడు మేం వలేస్తుంటే ఒడ్డు మీద పోలీసోళ్లకు, అన్నలకు కాల్పులైనయి. నేను చెప్పినట్టే మునిగిండు. మునిగినంతసేపు ఏం గాలే."

ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. వంగి సంచి మూతి ముడి బిగించాడు.

"ఊపిరికి లేచిండు. గప్పుడు తాకింది. గీ కొత్త తుపాకితోని పనే పడలే సార్."

అంతలో నా బస్సు వచ్చింది.

"పోండ్రి సార్, మల్ల సీటు దొరకది" అన్నాడు.

వెళ్లాను. సీటు దొరికింది.

ఇప్పటికీ గోదావరిలో మునక వేసినప్పుడు, తల పైకెత్తే ముందు నేను ఒక్క క్షణం ఆగుతాను.